కాలేజీ రేడియో: కొత్త హిప్‌హాప్ ఆల్బమ్ ఏది వినాలో ఫోనే చెబుతుంటే, హోస్ట్ ఇంకా ఎందుకు?

అండమాన్‌లోని పోర్ట్ బ్లెయిర్‌కు 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురం అని పేరు మార్చారు. ఆ ఊరిని ఆనుకుని ఉన్న ఆస్టినాబాద్‌లో ఒక కాలేజీ కుర్రాడికి కొత్త ర్యాప్ ఆల్బమ్ వినాలనిపిస్తే ఇప్పుడు అరనిమిషం పని. 2020కి ముందు ఇలా ఉండేది కాదు. దీవులకు ఇంటర్నెట్ అంతా ఉపగ్రహం మీదుగా వచ్చేది. వేగం తక్కువ, ఖర్చు ఎక్కువ. చెన్నై నుంచో విశాఖ నుంచో వచ్చేవాళ్లు పెన్‌డ్రైవ్‌లో పాటలు తెస్తే అదే పెద్ద కానుక.

2020 ఆగస్టు 10న చెన్నై-అండమాన్ సముద్రగర్భ కేబుల్ ప్రారంభమైంది. దాని పొడవు సుమారు 2,300 కిలోమీటర్లు. దానితో ప్రపంచంలోని ఆల్బమ్‌లన్నీ ఒక్కసారిగా దీవులకు చేరాయి.

పాటలు దొరకని కష్టం అలా తీరింది. కానీ వాటిలో ఏది ముందు వినాలి, ఎందుకు వినాలి అన్న ప్రశ్న మిగిలింది. దానికి యాప్ ఇచ్చే జవాబు ఒకటే: మీరు నిన్న విన్నదానిలాంటిదే ఇవాళ కూడా వినండి అని. అమెరికాలో ఈ ప్రశ్నకు కొన్ని దశాబ్దాల పాటు ఇంకో రకం జవాబు ఉండేది. అదే కాలేజీ రేడియో.

డబ్బా మీద అంటించిన చీటీ

అమెరికాలో ఎఫ్‌ఎం బ్యాండ్‌లో 88 నుంచి 92 మెగాహెర్ట్జ్ వరకు ఉన్న భాగాన్ని వ్యాపారేతర, విద్యా సంబంధ స్టేషన్ల కోసం 1945లోనే పక్కన పెట్టారు. విశ్వవిద్యాలయాల స్టేషన్లు చాలావరకు అక్కడే ఉంటాయి. వాటికి ప్రకటనలు అమ్ముకోవాల్సిన పని లేదు. హోస్టులు ఎక్కువగా జీతం లేని విద్యార్థులు. కాబట్టి ఫలానా పాట గంటకోసారి వేయాల్సిందేనని ఒత్తిడి చేసేవాళ్లు తక్కువ.

ఇలాంటి స్టేషన్‌లో కొత్త ఆల్బమ్‌ను పరిచయం చేయడానికి ఒక పద్ధతి ఉంది. ఆల్బమ్ రాగానే మ్యూజిక్ డైరెక్టర్ దాన్ని ఎవరో ఒక హోస్ట్‌కు ఇస్తారు. ఆ హోస్ట్ మొత్తం విని, కవర్ మీద ఒక చీటీ అంటిస్తారు. రెండు మూడు వాక్యాల అభిప్రాయం, ముందు వినాల్సిన పాటల నంబర్లు, ఎవరి సంగీతం నచ్చినవాళ్లకు ఇది నచ్చుతుందో ఒక మాట, ఏ పాటలో బూతు ఉందో ఒక హెచ్చరిక. తర్వాతి షిఫ్ట్‌లో వచ్చిన హోస్ట్ ఆ చీటీ చూసి పాట ఎంచుకుంటారు. కొన్నిసార్లు మొదటివాళ్ల అభిప్రాయం తప్పని దాని కిందే రాసి పెడతారు.

ఆల్బమ్ గురించి ఊళ్లోవాళ్లు మాట్లాడుకునే మొదటి మాట ఆ చీటీదే. పేరున్న విమర్శకుడు కాదు, పక్క క్లాసులో కూర్చునే మనిషి రాసిన మాట.

బూతు హెచ్చరిక సరదాకు కాదు. అమెరికా ప్రసార నిబంధనల ప్రకారం అసభ్యమని భావించే భాషకు రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు మాత్రమే సడలింపు ఉంటుంది. పగలైతే ఆ మాటలు తీసేసిన వెర్షన్ వేయాలి. దాంతో ర్యాప్ సహజంగానే రాత్రి షోల్లోకి చేరింది. హిప్‌హాప్ చరిత్రలో ఈ చిన్న నిబంధన పాత్ర మనం అనుకునేదానికన్నా పెద్దది.

అర్ధరాత్రి ఒంటిగంట స్లాట్

న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయం స్టేషన్ డబ్ల్యూకేసీఆర్ 89.9లో 1990లో ఒక షో మొదలైంది. హోస్టులు స్ట్రెచ్ ఆర్మ్‌స్ట్రాంగ్, బాబిటో గార్సియా. గురువారం అర్ధరాత్రి దాటాక ఒంటిగంట నుంచి తెల్లవారుజామున ఐదు దాకా. ఎవరూ కోరుకోని సమయం. అందుకే వాళ్లు అక్కడ ఏం చేసినా అడిగేవాళ్లు లేరు.

ఇంకా ఏ కంపెనీతోనూ ఒప్పందం కుదరని కుర్రాళ్లు డెమో టేపులు పట్టుకుని ఆ స్టూడియోకు వచ్చేవారు. నాస్, నొటోరియస్ బీఐజీ, వూ-టాంగ్ క్లాన్ సభ్యులు ఆ మైకు ముందు నిలబడ్డవాళ్లే. 1995లో బిగ్ ఎల్, జే-జీ కలిసి అక్కడ అప్పటికప్పుడు అల్లి పాడిన ర్యాప్‌ను అభిమానులు ఇప్పటికీ వెతికి వింటారు. శ్రోతలు తెల్లవారుజాము దాకా మేల్కొని క్యాసెట్ల మీద రికార్డు చేసుకునేవారు. ఆ క్యాసెట్లు చేతులు మారుతూ వేరే ఊళ్లకు వెళ్లేవి. 1998లో 'ద సోర్స్' పత్రిక దీన్ని అప్పటిదాకా వచ్చిన హిప్‌హాప్ రేడియో షోలన్నిటిలో ఉత్తమమైనదిగా పేర్కొంది. షో ముగిసింది కూడా ఆ ఏడాదే.

బాబిటో అక్కడితో ఆగలేదు. ఫాండిల్ ఎమ్ అనే చిన్న లేబుల్ పెట్టి, పెద్ద కంపెనీ వదిలేసిన ఒక ర్యాపర్ ఆల్బమ్‌ను 1999లో విడుదల చేశారు. ఆ ర్యాపర్ ఎంఎఫ్ డూమ్. ఆ ఆల్బమ్ 'ఆపరేషన్: డూమ్స్‌డే'. స్వతంత్ర హిప్‌హాప్ గురించి రాసే ఎవరూ దాన్ని దాటి వెళ్లలేరు.

అంతకు ముందే లాంగ్ ఐలండ్‌లోని అడెల్ఫీ విశ్వవిద్యాలయం స్టేషన్ డబ్ల్యూబీఏయూలో చక్ డి అనే విద్యార్థి మరికొందరితో కలిసి షో చేసేవాడు. ఆ స్టేషన్ ప్రచారం కోసం చేసిన టేపే తర్వాత 'పబ్లిక్ ఎనిమీ నంబర్ 1' పాటకు మూలం. దాన్ని విన్న రిక్ రూబిన్ వాళ్లను డెఫ్ జామ్ లేబుల్‌లోకి రప్పించాడు. 1987లో పబ్లిక్ ఎనిమీ తొలి ఆల్బమ్ వచ్చింది. ఆ డెఫ్ జామ్ కూడా న్యూయార్క్ విశ్వవిద్యాలయం హాస్టల్ గదిలో పుట్టిందే.

మన కాలేజీ రేడియో సంగతి

గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995 ఫిబ్రవరిలో తీర్పు ఇచ్చింది. ఆ కేసు మొదలైంది క్రికెట్ ప్రసార హక్కుల గొడవతో! అయినా దాని ఫలితం రేడియో మీద బాగా పడింది. 2000 జులైలో హైదరాబాద్‌లో యునెస్కో తోడ్పాటుతో జరిగిన సదస్సు పస్తాపూర్ ప్రకటనను విడుదల చేసింది. మూడంచెల ప్రసార వ్యవస్థలో ప్రజల రేడియోకు చోటు ఉండాలన్నది దాని కోరిక. అంటే ఈ దేశంలో కమ్యూనిటీ రేడియో కోసం జరిగిన పోరాటంలో తెలుగు నేలకు పెద్ద వాటానే ఉంది.

ప్రభుత్వం ముందుగా తలుపు తీసింది విద్యాసంస్థలకే. 2002 డిసెంబరులో ఆ నిర్ణయం వెలువడింది. 2004 ఫిబ్రవరి 1న చెన్నైలోని అన్నా విశ్వవిద్యాలయంలో తొలి క్యాంపస్ రేడియో మొదలైంది. స్వచ్ఛంద సంస్థలకు 2006 నవంబరులో అవకాశం వచ్చింది. ఆ తర్వాతే, 2008 అక్టోబరు 15న, జహీరాబాద్ దగ్గరి మాచ్నూర్‌లో దళిత మహిళలు నడిపే సంఘం రేడియో గాలిలోకి వచ్చింది. హైదరాబాద్ విశ్వవిద్యాలయానికి బోల్ హైదరాబాద్ 90.4 అనే సొంత స్టేషన్ ఉంది. కమ్యూనిటీ మీడియాపై యునెస్కో పీఠం కూడా ఆ క్యాంపస్‌లోనే ఉంది.

ఇవి అమెరికా తరహా కాలేజీ రేడియోలు కావు. చట్టం దృష్టిలో క్యాంపస్ స్టేషన్ కూడా కమ్యూనిటీ రేడియోనే. ప్రసార శక్తి 100 వాట్లు. టవర్ ఎత్తు సాధారణంగా 30 మీటర్లకు మించకూడదు. నేల చదునుగా ఉంటే పది, పదిహేను కిలోమీటర్లు వినిపిస్తుంది. కార్యక్రమాల్లో కనీసం సగం స్థానికుల భాగస్వామ్యంతో, స్థానికంగా తయారవ్వాలి. సొంతంగా వార్తలు చదవకూడదు. ప్రకటనల సమయాన్ని 2024లో గంటకు 12 నిమిషాలకు పెంచారు.

ఆకాశవాణి ప్రోగ్రామ్ కోడ్ వీటికి కూడా వర్తిస్తుంది. అందులో అర్ధరాత్రికి వేరే కొలత లేదు. కాబట్టి స్ట్రెచ్, బాబిటోల స్లాట్‌ను ఇక్కడ యథాతథంగా తెచ్చుకోలేం. బూతు తీసేసిన వెర్షన్ దొరకని పాటను హోస్ట్ పక్కన పెట్టాల్సిందే. బూతు సంగతి అలా సర్దుకోవచ్చు. కులం గురించి, పోలీసుల గురించి, ప్రభుత్వం గురించి మాట్లాడే పాట దగ్గరకు వచ్చేసరికి స్టేషన్ నడిపే విద్యాసంస్థ ఎంత భయపడుతుందన్నదే అసలు పరీక్ష.

ఆల్బమ్‌లు లేని చోట ఆల్బమ్ షో

ఇంకో చిక్కు ఉంది. తెలుగులో ప్రైవేట్ ఎఫ్‌ఎం అంటే దాదాపు అంతా సినిమా పాటే. ర్యాప్ మన చెవిన పడింది కూడా సినిమా దారిలోనే. 1994లో 'ప్రేమికుడు' డబ్బింగ్‌తో వచ్చిన పేట ర్యాప్, 2008లో 'జల్సా' టైటిల్ పాటలో బాబా సెహగల్ గొంతు. ఆ తర్వాత నోయెల్ షాన్, రోల్ రైడా, ప్రణవ్ చాగంటి లాంటివాళ్లు సినిమాలకు రాస్తూ, పాడుతూనే బయట కూడా సొంతంగా పాటలు చేశారు. దక్కనీ యాసలో రుహాన్ అర్షద్ పాడిన 'మియా భాయ్' హైదరాబాద్ దాటి ఎంత దూరం వెళ్లిందో యూట్యూబ్ లెక్కలే చెబుతాయి.

అయితే వీటిలో ఎక్కువ భాగం విడి పాటలే. వీడియో ఒకటి, పాట ఒకటి, వారం రోజుల హడావుడి, అంతే. ఒక మనిషి పది పన్నెండు పాటల్లో తన ఊరి కథను వరసగా చెప్పిన తెలుగు ర్యాప్ ఆల్బమ్‌లు తక్కువ. అలా చెప్పినా పరిచయం చేసే చోటు లేదు. చోటు లేదు కాబట్టి చేయడమూ తక్కువే. కాలేజీ రేడియో హోస్ట్ అవసరం సరిగ్గా ఇక్కడే కనిపిస్తుంది.

హక్కుల లెక్క కూడా దీనికి అనుకూలమే. సినిమా పాట వేయాలంటే దాని హక్కులున్న మ్యూజిక్ కంపెనీలకు, సంఘాలకు రాయల్టీ కట్టాలి. వంద వాట్ల స్టేషన్‌కు అది బరువు. సొంతంగా పాట చేసుకున్న ర్యాపర్ దగ్గర చాలాసార్లు హక్కులు అతనివే ఉంటాయి. వాడుకున్న బీట్ ఎవరిదో సరిచూసుకుని, ఒక అనుమతి పత్రం మీద సంతకం తీసుకుంటే చాలు. స్థానికుడు కావడంతో ఆ గంట కూడా 'స్థానిక కార్యక్రమం' కిందికి వస్తుంది.

ఆస్టినాబాద్ కోసం ఎంచుకుంటే

మళ్లీ దీవులకు వద్దాం. 2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్‌లో తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్లు 13 శాతం పైమాటే. శ్రీకాకుళం తీరం నుంచి వెళ్లి స్థిరపడిన మత్స్యకార కుటుంబాలు వీరిలో చాలా ఉన్నాయి. బెంగాలీ, తమిళం, హిందీ మాట్లాడేవాళ్లతో కలిసి పెరిగే పిల్లలకు ఒకే భాష పాటలు వినే అలవాటు ఉండదు. అక్కడి కళాశాల ఏదైనా స్టేషన్ పెడితే 100 వాట్లలో ఊరు, శివార్లు చాలావరకు వస్తాయి. కొండలు అడ్డొచ్చే చోట మాత్రం సిగ్నల్ తెగుతుంది.

అక్కడి హోస్ట్ ముందు మూడు ఆల్బమ్‌లు ఉన్నాయనుకుందాం. కెండ్రిక్ లమార్ 2024 నవంబరు 22న ముందస్తు ప్రకటన లేకుండా విడుదల చేసిన 'జీఎన్ఎక్స్'. హ్యూస్టన్‌లో పెరిగిన మలయాళీ హనుమాన్‌కైండ్ 2025లో తెచ్చిన 'మాన్సూన్ సీజన్'. తమిళ ర్యాపర్ అరివు 2024 ఆల్బమ్ 'వల్లియమ్మా పేరాండి', అంటే వల్లియమ్మ మనవడు.

యాప్ మొదటిదాన్నే ముందుకు తోస్తుంది. హోస్ట్ కూడా దాన్నే వేయొచ్చు, కానీ చెప్పే కారణం వేరుగా ఉంటుంది. అంత పెద్ద స్టార్ లాస్ ఏంజెలిస్ బయట ఎవరికీ పెద్దగా తెలియని స్థానిక ర్యాపర్లను తన ఆల్బమ్‌లోకి ఎలా తెచ్చాడో వినండి అంటుంది. ఆ వెంటనే శ్రీ విజయపురంలోనే ఫోన్‌లో రికార్డు చేసిన ఒక తెలుగు పాటను వేయగలదు.

అరివు ఆల్బమ్ దగ్గర ఆమెకు ఇంకా పెద్ద కారణం ఉంది. వల్లియమ్మ అరివు అవ్వ, శ్రీలంక తేయాకు తోటల్లో పనిచేసి తిరిగొచ్చిన కూలీ. 1964 ఒప్పందం తర్వాత అలా శ్రీలంక నుంచి తిరిగొచ్చిన తమిళ కుటుంబాల్లో కొన్నిటిని నికోబార్‌లోని కచ్చాల్ దీవిలో రబ్బరు తోటల పనికి పంపారు. ఆ కుటుంబాల పిల్లలు తన క్లాసులోనే ఉండొచ్చని ఆ హోస్ట్‌కు తెలుసు. స్ట్రీమింగ్ యాప్‌కు తెలియదు. పాటకు ముందు ఆ రెండు వాక్యాలు చెప్పి, ఆల్బమ్ కవర్ మీద అంటించే చీటీలో కూడా అవే రాస్తే, విన్నవాళ్లకు అది తమిళనాడు పాటగా అనిపించదు.

షో వేళకు కూడా ఇబ్బంది లేదు. దీవులు దేశానికి తూర్పు చివర ఉన్నా గడియారం ప్రధాన భూభాగానిదే. శీతాకాలంలో ఐదున్నరకల్లా చీకటి పడుతుంది. రాత్రి షో మొదలుపెట్టడానికి ఒంటిగంట దాకా మేల్కొనక్కర్లేదు.