నార్వాలు గుండె చప్పుడు

పొదలో అలికిడి విన్న లేడి చెంగున దుమికి పరుగిడును. దాని గుండె వడివడిగా కొట్టుకొనును. లేడికూన యగుచో నేలకు కఱచుకొని కదలక పడియుండును. దాని గుండె మందగించును. ఈ రెండు తీరులును ఒక్కసారిగా కనబఱచు ప్రాణి ఉత్తర ధ్రువ సముద్రములలో నున్నది. దాని పేరు నార్వాలు.

ఇది తిమింగిల జాతిది. మగదాని పైపెదవిని చీల్చుకొని, మెలికలు తిరిగిన దంతమొకటి 2 మీటర్లకు పైబడి పెరుగును. మధ్యయుగమున ఐరోపా ప్రభువులు దీనినే ఒంటికొమ్ము గుఱ్ఱపు కొమ్మని నమ్మి, విషమునకు విరుగుడని గొప్ప వెలలిచ్చి కొనిరి. కొమ్మును గూర్చి ఇన్ని కథలల్లిన మానవునకు దాని గుండె సంగతి తెలిసినది మొన్నమొన్ననే.

టెర్రీ విలియమ్స్ అను అమెరికా శాస్త్రజ్ఞురాలును ఆమె సహచరులును తూర్పు గ్రీన్లాండులోని స్కోర్స్‌బీ సౌండు అను సముద్రపు పాయలో చేసిన పరిశోధన 2017లో వెలువడెను. అచటి వేటగాండ్రు వలలలో చిక్కిన నార్వాలులను చంపక నిలిపి యుంచిరి. పరిశోధకులు వాని వీపున, గాలి పీల్చి పట్టుకొను రబ్బరు గిన్నెలతో ఒక చిన్న పరికరము నంటించి విడిచిరి. గుండె కొట్టుకొనుట, నీటి లోతు, తోక విసరు అన్నియు అందులో నమోదగును. కొన్నాళ్లకది ఊడి నీటిపై తేలును. దానిని వెదకి తెచ్చుకొనవలెను.

నీటిపై విశ్రమించు నార్వాలు గుండె నిమిషమునకు సుమారు 60 సార్లు కొట్టుకొనును. మునిగినపుడు ప్రాణవాయువును పొదుపు చేయుటకై 10, 20 సార్లకు దిగును. అది సహజమే. కాని వల నుండి విడివడి పాఱిపోవునపుడు ఆ సంఖ్య 3, 4కు పడిపోయెను! తోక మాత్రము నిమిషమునకు ఇంచుమించు 25 సార్లు నీటిని కొట్టుచునే యుండెను. మామూలుగా అంతసేపు మునిగినచో దేహములోని ప్రాణవాయువులో 52 శాతము ఖర్చగును. భయముతో పాఱునపుడు 97 శాతము ఖర్చయ్యెను.

పట్టినదియు మానవుడే, విడిచినదియు మానవుడే. పట్టనిదే గుండె లెక్క తెలియదు. పట్టినచో సహజస్థితి చెడును. ఈ శాస్త్రమునకు గల చిక్కు ఇదియే. అయినను విడిచిన పిమ్మట దినములు గడచినకొలది గుండె తీరు క్రమముగా కుదుటపడుటయు ఆ పరికరమే తెలిపెను.

మంచు తఱుగుచుండగా ఆ నీళ్లలోనికి ఓడల రాక హెచ్చుచున్నది. సముద్రగర్భమున చమురు వెదకువారు గాలి తుపాకులను వాడుదురు. ఒత్తిన గాలిని ఒక్కుమ్మడి నీటిలోనికి వదలి, అడుగు నుండి వచ్చు ప్రతిధ్వనిని బట్టి చమురు జాడ తీయుదురు. ఈ మ్రోతలు విన్న నార్వాలులకు మునకకగు శక్తి వ్యయము సుమారు రెండింతలగునని విలియమ్స్ బృందము 2022లో ప్రకటించెను. ఒడ్డున నిలిచి చూచువానికి మాత్రము జంతువు ఎప్పటివలెనే మునిగినట్లు కనబడును. కావున ఓడ పోవుచుండగా అవి బెదరలేదను మాటను ఊరక నమ్మరాదు. ఏ మాసమున ఏ దారిని మూయవలెనో నిర్ణయించువారు ఈ గుండె లెక్కను గూడ ముందుంచుకొనవలసి యున్నది.

ఇంత తక్కువ రక్తప్రసారముతో మెదడు తూలి దారి తప్పునేమో, లోతునీటి తిమింగిలములు ఒడ్డునకు కొట్టుకొని వచ్చుటకు ఇదియు నొక కారణమేమో యని ఆ పరిశోధకులు సందేహించుచున్నారు. ఆ సందేహము ఇంకను తీరలేదు.