తప్పు తలరాతదా, మనదా?

దాదాపు 2300 ఏళ్ళ క్రితం ఏథెన్సు నగరంలో జీనో అనే తత్వవేత్త ఉండేవాడు. లోకంలో జరిగేదంతా విధి ప్రకారమే జరుగుతుందని ఆయన బోధించేవాడు. ఆయనను గురించి ఒక కథ చెప్పుకుంటారు. ఆయన దగ్గరి బానిస ఒకనాడు దొంగతనం చేసి పట్టుబడ్డాడు. జీనో అతణ్ణి కొడుతూ ఉంటే, "అయ్యా! దొంగిలించాలని నా నుదుట రాసి ఉంది. నేనేం చెయ్యను?" అన్నాడు బానిస. "దెబ్బలు తినాలని కూడా రాసి ఉందిలే" అన్నాడు జీనో.

పిల్లలూ! ఈ జవాబు వింటే నవ్వు వస్తుంది. కాని బానిస ప్రశ్న అలాగే మిగిలిపోయింది, చూశారా? చెయ్యక తప్పని పనికి శిక్ష వెయ్యటం న్యాయమా?

భారతదేశంలో కూడా ఈ వాదం పాతదే. బుద్ధుడు, మహావీరుడు ఉన్న కాలంలోనే మక్ఖలి గోసాలుడు అనే గురువు ఉండేవాడు. ఆయన అనుచరులను ఆజీవకులు అంటారు. దారపు ఉండను నేలమీదికి విసిరితే ఏమవుతుంది? దారం ఉన్నంత మేర విప్పుకుంటూ దొర్లి, అది అయిపోగానే ఆగిపోతుంది. జీవితం కూడా అంతేనట. ఎంత ప్రయత్నించినా ఆ దారం పెరగదు, తరగదు. దీనినే నియతి అన్నారు. బుద్ధుడు ఈ మాటను గట్టిగా ఖండించాడు. ప్రయత్నం వల్ల ఫలితం లేదని నమ్మినవాడు మంచి చెయ్యటానికి గాని, చెడు మానటానికి గాని ఎందుకు పూనుకుంటాడు?

పరీక్షకు చదవకుండా "నా తలరాత" అనేవాళ్ళను మీరు చూసే ఉంటారు. మంచి మార్కులు వచ్చిన రోజున మాత్రం వాళ్ళకు తలరాత గుర్తు రాదు!

తరువాతి కాలంలో విధి స్థానంలోకి ప్రకృతి సూత్రాలు వచ్చాయి. 1814లో ఫ్రాన్సు శాస్త్రజ్ఞుడు లాప్లాస్ ఒక ఊహ చేశాడు. ఈ క్షణాన విశ్వంలోని ప్రతి వస్తువూ ఎక్కడ ఉందో, ఏ బలాలు పనిచేస్తున్నాయో అన్నీ తెలిసి, లెక్కకట్టగల మేధ ఒకటి ఉంటే, దానికి జరిగినదీ జరగబోయేదీ అంతా తెలిసిపోతుంది. రేపు ఉదయం మీరు పాలు తాగుతారో, వద్దని మారాం చేస్తారో అది కూడా!

ఇంగ్లాండు తత్వవేత్త జాన్ లాక్ చెప్పిన ఉదాహరణ నాకు ఇంకా ఇష్టం. నిద్రపోతున్న ఒక మనిషిని ఎత్తుకుపోయి ఒక గదిలో ఉంచి, తలుపుకు తాళం వేశారు. లేచి చూస్తే ఎదురుగా తనకు ఎంతో ఇష్టమైన స్నేహితుడు ఉన్నాడు. ఇద్దరూ కబుర్లలో పడ్డారు. ఆ మనిషికి వెళ్ళాలని లేదు. తాళం సంగతి తెలియనే తెలియదు. అతడు గదిలో ఉన్నది ఇష్టంతోనే. కాని వెళ్ళిపోయే స్వేచ్ఛ అతనికి లేదు. అంటే ఇష్టం వేరు, స్వేచ్ఛ వేరు అన్నమాట.

ఈ తగవు ఈనాటికీ తేలలేదు. అయినా న్యాయస్థానాలు తీర్పులు చెప్పక తప్పదు గదా! భారతదేశంలో 7 ఏళ్ళ లోపు పిల్లలు చేసిన పనిని నేరంగా లెక్కించరు. 1860 నాటి శిక్షాస్మృతిలోని ఈ నియమం, 2024లో అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో కూడా ఉన్నది. ఇంగ్లాండులో ఆ వయస్సు 10 ఏళ్ళు. 7 దాటి 12 నిండని పిల్లల విషయంలో భారతదేశపు చట్టం మరొక సంగతి చూస్తుంది: తాను చేసిన పని ఎటువంటిదో, దానివల్ల ఏమవుతుందో ఆ పిల్లవాడికి తెలిసే వయస్సు వచ్చిందా?

మీ చిట్టి తమ్ముడు మీ బొమ్మల పుస్తకం చింపినప్పుడు, "వాడికేం తెలుసురా, పసివాడు" అని అమ్మ అనేది కూడా ఈ లెక్కనే.