పానా పట్టిన వారంతా ప్లంబర్లేనా?

తంగళ్ళపల్లి: ఇంట్లో కరెంటు తీగ లాగే వారికి వైర్‌మన్ పర్మిటు కావాలి. బస్సు నడిపే వారికి లైసెన్సు కావాలి. మరి వాడకట్టు మొత్తం తాగే నీటి పైపును కోసి అతికే వ్యక్తికి ఏ కాగితం కావాలి? కరెంటు పనివారికి రాష్ట్రస్థాయిలో లైసెన్సింగు బోర్డు ఉన్నది. ప్లంబర్లకు అటువంటి బోర్డు లేదు. నల్లా పని ఎవరిచేత చేయించాలన్నది స్థానిక సంస్థల నిబంధనలపైనే ఆధారపడి ఉన్నది.

సిరిసిల్లకు మానేరు అవతలి ఒడ్డున ఉన్న తంగళ్ళపల్లి 2016లో మండల కేంద్రమైంది. ఆ ఏడాది ఆగస్టు 7ననే మిషన్ భగీరథ పథకం ప్రారంభమైంది. పల్లెల్లో మనిషికి రోజుకు 100 లీటర్ల శుద్ధి చేసిన నీటిని ఇంటింటికీ నల్లా ద్వారా అందించాలన్నది దాని లక్ష్యం. అయితే ఎంతో దూరం నుంచి శుభ్రంగా వచ్చిన నీరు ఇంటి ముందరి చివరి పది అడుగుల్లో పాడయ్యే ప్రమాదమున్నది.

కారణం తెలుసుకోవడం కష్టం కాదు. నీరు వదిలినంతసేపు పైపులో ఒత్తిడి ఉంటుంది. అతుకు సరిగా లేకపోతే నీరు బయటికి కారుతుంది. సరఫరా ఆగగానే ఒత్తిడి పడిపోయి, అదే అతుకు గుండా మోరి నీరు లోపలికి చేరుతుంది. నల్లాకు నేరుగా మోటారు బిగిస్తే ఈ పీల్పు మరీ ఎక్కువ. మరునాడు మొదటి బిందెలో పడేది ఆ నీరే. 2009 మే నెలలో హైదరాబాదులోని భోలక్‌పూర్‌లో కలుషిత నీరు తాగి పలువురు మరణించారు.

అందుకే ముంబయి, చెన్నై వంటి నగరాల్లో లైసెన్సు పొందిన ప్లంబర్ల పద్ధతి ఉన్నది. తప్పు జరిగితే జవాబు చెప్పవలసిన మనిషి ఎవరో అక్కడ కాగితం మీద ఉంటుంది. మన ప్రాంతం నుంచి ఎందరో బతుకుదెరువుకు వెళ్ళే గల్ఫ్ సంగతీ చూడండి. సౌదీ అరేబియా 2021లో తెచ్చిన నైపుణ్య పరీక్ష ప్లంబర్లకూ వర్తిస్తున్నది. పరాయి దేశంలో పైపు బిగించడానికి పరీక్ష, సొంత ఊళ్ళో ఏమీ అక్కరలేదు!

ఇది ప్లంబర్లను తప్పుపట్టే మాట కాదు. చాలామంది మేస్త్రీల వెంట తిరిగి పని నేర్చుకున్నవారే. అనుభవాన్ని పరీక్షించి సర్టిఫికెటు ఇచ్చే పద్ధతి కేంద్ర ప్రభుత్వ నైపుణ్య శిక్షణలో ఉన్నది. ఐ.టి.ఐ.లలో ఏడాది ప్లంబరు కోర్సూ ఉన్నది. ఇక 1996 నాటి భవన నిర్మాణ కార్మికుల చట్టం కింద ఇచ్చే కార్డును కొందరు లైసెన్సు అనుకుంటారు. అది సంక్షేమ సహాయానికి మాత్రమే. పనితనానికి పూచీ కాదు.

పెద్ద చట్టం వచ్చేదాకా ఆగనక్కరలేదు. ఊళ్ళో పనిచేసే ప్లంబర్ల పేర్లను గ్రామ పంచాయతీ ఒక రిజిస్టరులో రాసుకోవచ్చు. కొత్త కనెక్షన్ దరఖాస్తుపై ఇంటి యజమానితోపాటు ప్లంబరుచేతా సంతకం చేయించవచ్చు. గుంత పూడ్చకముందే నీరు వదిలి అతుకు కారుతున్నదో లేదో చూడవచ్చు. పైపు మోరిలోనుంచి పోకుండా జాగ్రత్త పడవచ్చు. వీటికి ఖర్చు స్వల్పం, ఫలితం అధికం. నమోదుకు మాత్రం భారీ రుసుము పెట్టరాదు. పెడితే పనివారు రిజిస్టరుకు దూరమవుతారు, పని చాటుగా సాగుతుంది.

పంచాయతీ, గ్రామీణ నీటి సరఫరా అధికారులు ఈ దిశగా ఆలోచించవలసి ఉన్నది.