వణుకు టైర్లలో లేదు: ఒక పికప్ ట్రక్కుని డీబగ్ చేసిన కథ

మా పెదనాన్న గారి అబ్బాయి టెక్సాస్‌లో ఉంటాడు. పోయినేడాది ఒక పాత పికప్ ట్రక్కు కొన్నాడు. అక్కడ పికప్పుల వెనక భాగాన్ని కిందికి దించి నడపడం చాలామందికి సరదా. అన్నయ్య కూడా కిట్ కొని, ఫ్రెండ్‌తో కలిసి ఇంటి గ్యారేజ్‌లోనే దించేశాడు. చూడ్డానికి బాగుంది. కానీ స్పీడు 60 మైళ్లకి చేరేసరికి సీటు, ఫ్లోరు అంతా జుయ్‌మని వణుకు. "పాపని ఇందులో ఎక్కించను" అని వదిన తేల్చి చెప్పేసింది. అన్నయ్య నాకు వీడియో కాల్ చేసి, "ఇంజినీరింగ్ చదువుతున్నావ్‌గా, చెప్పవే" అన్నాడు.

నేను సీఎస్‌ఈ. బండి కింద ఏముంటుందో తెలీదు. కానీ వణుకు అంటే సిగ్నల్, సిగ్నల్ అంటే ఎఫ్‌ఎఫ్‌టీ. ధైర్యంగా సరే అన్నాను. ఆ ధైర్యం ఖరీదు అన్నయ్య కట్టాడు, అది తర్వాత చెప్తాను.

ముందు బండి సంగతి. లారీ వెనకాల వెళ్తూ కిందికి చూస్తే, వెనక చక్రాల మధ్య లావుపాటి హౌసింగ్, దాన్నుంచి ముందుకి వెళ్లే పొడవాటి గొట్టం కనిపిస్తాయి. ఆ గొట్టమే ప్రొపెల్లర్ షాఫ్ట్. గేర్‌బాక్స్ నుంచి వచ్చే తిప్పుడు బలాన్ని వెనక చక్రాలకి చేరవేసేది అదే. గేర్‌బాక్స్ ఛాసిస్‌కి బిగించి ఉంటుంది, హౌసింగేమో గతుకులకి పైకీ కిందికీ ఊగుతుంది. అందుకే షాఫ్ట్ రెండు చివర్లా కీళ్లు ఉంటాయి. వాటి పేరు యూ జాయింట్లు, మన మెకానిక్కుల మాటలో "క్రాస్".

క్రాస్‌కి ఒక వింత గుణం ఉంది. అది కోణంలో తిరుగుతుంటే, ఒక వైపు సమాన వేగంతో తిప్పినా రెండో వైపు వేగం ప్రతి చుట్టులో రెండుసార్లు పెరిగి, రెండుసార్లు తగ్గుతుంది. 3 డిగ్రీల కోణంలో ఈ తేడా 0.14 శాతం, 6 డిగ్రీల్లో 0.55 శాతం. అంటే కోణం రెట్టింపైతే తేడా నాలుగింతలు. మరి బండ్లు వణక్కుండా ఎలా నడుస్తున్నాయి? వెనక క్రాస్ కూడా అంతే కోణంలో ఉంటే, ముందు క్రాస్ చేసిన తప్పుని అది రద్దు చేస్తుంది. రెండు కోణాలూ సమానంగా, చిన్నవిగా ఉండాలి. 3 డిగ్రీల లోపు ఉంటే మంచిది. లేకపోతే వణుకుతోనే ఆగదు. క్రాస్ త్వరగా అరిగిపోతుంది, స్పీడ్‌లో విరిగితే షాఫ్ట్ రోడ్డు మీద పడుతుంది. వదిన భయం ఊరికే కాదు.

ఇప్పుడు లెక్క. టైరు ఎత్తు 28 అంగుళాలు. 60 మైళ్ల వేగంలో అది సెకనుకి 12 చుట్లు తిరుగుతుంది. ఈ బండిలో చక్రం ఒక చుట్టు తిరిగితే షాఫ్ట్ 3.73 చుట్లు తిరుగుతుంది, అంటే సెకనుకి దాదాపు 45. క్రాస్ చుట్టుకి రెండుసార్లు తోస్తుంది కాబట్టి 90. తప్పు టైరుదైతే 12 హెర్ట్జ్, షాఫ్ట్ బ్యాలెన్స్‌దైతే 45, క్రాస్ కోణానిదైతే 90 కనిపించాలి.

అన్నయ్య ఫోన్‌ని ఫ్లోర్ మీద అతికించి, వదిన నడుపుతుంటే యాప్‌లో రికార్డు చేసి పంపాడు. 60 దగ్గర 10.5 హెర్ట్జ్‌లో పెద్ద పీక్. 12కి దగ్గరే కదా! "టైర్లే అన్నయ్యా" అని చెప్పేశాను. డబ్బులు పెట్టి నాలుగు టైర్లూ బ్యాలెన్స్ చేయించాడు. వణుకు ఏం తగ్గలేదు. తిట్టలేదు, "టైర్లు కాదే, ఇంకోటి చూడు" అన్నాడంతే. తిట్టినా బాగుండేది.

ఆ రాత్రి 50 మైళ్ల రికార్డింగ్ కూడా తీసి చూశాను. అందులో పీక్ 25 హెర్ట్జ్ దగ్గరుంది. స్పీడు పెరిగితే పీక్ 25 నుంచి 10కి పడిపోతోంది! బండి వేగం పెరిగితే నెమ్మదించే చక్రం ఎక్కడైనా ఉంటుందా? అప్పుడు వెలిగింది: ఎలియాసింగ్. యాప్ సెకనుకి 100 శాంపిళ్లే తీసుకుంటోంది, కాబట్టి 50 హెర్ట్జ్ దాటింది సరిగ్గా చూడలేదు. 90 దానికి 100లోంచి 90 తీసేసినట్టు 10లా కనిపిస్తుంది, 75 అయితే 25లా. సినిమాలో బండి చక్రాలు వెనక్కి తిరిగినట్టు కనిపిస్తాయే, అదే మోసం. పరీక్షల కోసం బట్టీ పట్టిన టాపిక్ ఇది. ఫోన్ మైకుతో మళ్లీ రికార్డు చేయిస్తే 90 దగ్గర పీక్ స్పష్టంగా వచ్చింది. ఖాళీ రోడ్డు మీద అదే స్పీడ్‌లో న్యూట్రల్ చేసినా వణుకు పోలేదు, కాబట్టి ఇంజిన్ కూడా కాదు.

ఇక కోణాలు కొలవడమే. చక్రాల మీద బండి బరువు ఉండగానే కొలవాలి. జాకీతో ఎత్తి హౌసింగ్ వేలాడుతుండగా కొలిస్తే లెక్కంతా తప్పు. గేర్‌బాక్స్ వెనక్కి 3 డిగ్రీలు వాలి ఉంది. షాఫ్ట్ సమతలంగా ఉంది. పినియన్ అంటే హౌసింగ్ ముందు ముక్కు, అది 6 డిగ్రీలు పైకి చూస్తోంది. అంటే ముందు క్రాస్ 3, వెనక క్రాస్ 6.

బండి దించినందుకే ఇలా అవ్వదు. పినియన్ వాలు మారకపోతే రెండు కోణాలూ కలిసే మారతాయి. కానీ ఈ కిట్‌లో కమాన్ కట్టల కింద ఉండే హౌసింగ్‌ని వాటి పైకి మార్చి, కొత్త సీట్ల మీద కూర్చోబెడతారు. ఆ సీట్లు బిగించినప్పుడు వాలు చూడలేదు. తప్పు అక్కడ జరిగింది.

కమాన్ కట్టకి, సీటుకి మధ్య 4 డిగ్రీల స్టీలు చీలిక పెట్టారు. పినియన్ 2కి దిగింది. 3కి తేకుండా 2 దగ్గర ఆపడానికి కారణం ఉంది: యాక్సిలరేటర్ తొక్కగానే కమాన్ కట్టలు మెలిపడి ముక్కు కొంచెం పైకి లేస్తుంది. చీలిక తిరగేసి పెడితే 2 బదులు 10 అయ్యేది, అందుకే పూర్తిగా బిగించే ముందు మళ్లీ కొలిపించాను.

ఇప్పుడు 65లో కూడా ఫ్లోర్ వణకట్లేదు. పోయిన ఆదివారం పాప వెనక సీట్లో కూర్చుని నాకు చెయ్యి ఊపింది. టైర్ల బ్యాలెన్సింగ్ డబ్బులు మాత్రం నా బాకీ కింద రాసుకున్నానన్నాడు అన్నయ్య.

మీరు కూడా ఏ సెన్సర్ డేటా తీసుకున్నా, పీక్ చూసి సంబరపడేముందు శాంపిల్ రేటు ఎంతో చూడండి. ఆ తర్వాత స్పీడు మార్చి ఇంకోసారి కొలవండి.