ఎముకను సాగదీసి ఎత్తు పెరుగుట

మానవుడు తన రూపముతో తృప్తి పడుట అరుదు. చామనచాయవాడు తెలుపును, బక్కవాడు బలమును, పొట్టివాడు పొడవును కోరుట అనాదిగా ఉన్నదే. అయితే పూర్వము ఈ కోరిక అద్దము ముందర పుట్టి అద్దము ముందరనే అణగిపోయెడిది. నేడు దానికి విమానపు టిక్కెట్టు దొరుకుచున్నది.

గత విద్యా సంవత్సరములో మా డిగ్రీ ద్వితీయ సంవత్సరపు విద్యార్థి యొకడు అధ్యాపకుల గదికి వచ్చి బోనఫైడ్ సర్టిఫికెట్టు కావలెనని అడిగినాడు. పాస్‌పోర్టు కొరకట. జిద్దాలో నున్న అన్నగారి వద్దకు పోవుచున్నాడు కాబోలుననుకొన్నాము. కాదు. ఇస్తాంబుల్ నగరమునకు పోయి కాళ్లు పొడిగించుకొనవలెనని అతని సంకల్పము. పోలీసు కానిస్టేబులు ఉద్యోగమునకు పురుషులకు 167.6 సెంటీమీటర్ల ఎత్తు ఉండవలెను. అతడు 165 దాటి ఆగిపోయినాడు. ఆ రెండున్నర సెంటీమీటర్లను కొనితెచ్చుకొనుటకు భాయ్‌జాన్ డబ్బు పంపెదనన్నాడట. అతనికి ఆనాడు సరియైన సమాధానము చెప్పలేకపోయినాము. పిమ్మట చదివి, ఎముకల వైద్యులను అడిగి తెలిసికొన్న సంగతులను ఇచ్చట వ్రాయుచున్నాము. ఇట్టి ఆలోచన మా విద్యార్థులలో ఆ ఒక్కనికే ఉన్నదని మేము అనుకొనుట లేదు.

బాల్యములో మన పొడుగాటి ఎముకల కొనల వద్ద మెత్తని మృదులాస్థి పొర యుండును. ఎముక పెరుగునది అచ్చటనే. యౌవనము ముగియు వేళకు ఆ పొర గట్టిపడి ఎముకలో కలిసిపోవును. తరువాత ఏ పొడి త్రాగినను, ఏ కడ్డీకి వ్రేలాడినను ఎముక పెరుగదు. గోడల మీద ఎత్తు పెంచెదమని ప్రకటనలు వ్రాయించువారు ఈ ఒక్క సంగతిని మాత్రము వ్రాయరు.

పెరుగుట మానిన ఎముకను మరల పెంచు మార్గమును శాస్త్రవిధిగా నిలిపినవారు సోవియట్ దేశపు వైద్యుడు గవ్రీల్ ఇలిజారవ్. ఆయన 1921లో జన్మించి, బీద కుటుంబములో కాకసస్ ప్రాంతమున పెరిగినారు. 1944లో వైద్యవిద్య ముగించి సైబీరియాలోని కుర్గాన్ ప్రాంతములో ఒక మారుమూల పల్లెకు వైద్యులుగా పోయినారు. అది యుద్ధకాలము. విరిగిన కాళ్లు అతుకక, ఒక కాలు పొట్టియై కుంటువారికి కొదువ లేదు. కాలి చుట్టు లోహపు వలయములను అమర్చి, సన్నని ఉక్కు తీగలను ఎముక గుండా దూర్చి, ఆ వలయములకు బిగించు పరికరమును ఆయన 1950 ప్రాంతమున రూపొందించినారు. వలయములను కలుపు కడ్డీలకు మరలుండును. విరిగిన కొనలను దగ్గరకు నొక్కుటకై వానిని త్రిప్పవలసి యుండగా ఒక రోగి పొరబాటున ఎదురు దిక్కునకు త్రిప్పినాడనియు, ఎడమైన సందులో కొత్త ఎముక పుట్టినదనియు చెప్పుదురు. కథ ఎట్లున్నను, సూత్రము మాత్రము నిలిచినది.

ఆ సూత్రమిది. ఎముకను లోపలి మూలుగ, పైనున్న పొర వీలైనంత చెడకుండ జాగ్రత్తగా ఖండింతురు. ఐదారు దినములు ఊరక ఉంచుదురు. పిమ్మట రెండు ముక్కలను దినమునకు ఒక మిల్లీమీటరు చొప్పున, అదియు నాలుగు విడతలుగా, ఎడము చేయుదురు. సందులో మెత్తని కొత్త ధాతువు పుట్టి, సాగి, క్రమముగా ఎముకగా మారును. తొందరపడి లాగినచో ఎముక పుట్టదు. ఆలస్యము చేసినచో ముందే అతుకుకొని సాగుట ఆగిపోవును. ఐదు సెంటీమీటర్లకు ఏబది దినములు లాగుట ఒక ఎత్తయితే, పుట్టిన లేత ఎముక శరీర భారమును మోయునంత గట్టిపడుట మరియొక ఎత్తు. దానికి లాగిన కాలమునకు రెట్టింపో, అంతకు మించియో పట్టును. నిజమైన పరీక్ష కండరములకు, నరములకు. ఎముక సాగినంత సులభముగా అవి సాగవు. పిక్క కండరము బిగిసి మడమ నేల నంటదు. మోకాలు పూర్తిగా చాపుకొనదు. ప్రతిదినము గంటల తరబడి వ్యాయామము చేయించుకొనవలెను. తీగలు చర్మమును చీల్చుకొని వచ్చు చోట చీము పట్టుట సాధారణము. నరము దెబ్బ తినుట, ఎముక అతుకకపోవుట కూడ గలవు.

విదేశ యాత్రకును ఈ చికిత్సకును సంబంధము నిన్న మొన్నటిది కాదు. 1964 టోక్యో ఒలింపిక్ క్రీడలలో ఎత్తు దూకుటలో స్వర్ణ పతకము గెలిచిన సోవియట్ క్రీడాకారుడు వలేరీ బ్రుమెల్, మరుసటి సంవత్సరము మోటారు సైకిలు ప్రమాదములో కాలు నుజ్జు చేసికొన్నాడు. అనేక శస్త్రచికిత్సలు విఫలమైన పిమ్మట కుర్గాన్‌లో కోలుకొని మరల దూకినాడు. ఇటలీ పర్వతారోహకుడు కార్లో మౌరీకి పాత గాయము వలన ఒక కాలు పొట్టియై యుండినది. తనతో కలిసి ‘రా’ అను రెల్లు నావలో సముద్రయానము చేసిన రష్యా వైద్యుడు చెప్పిన మాటపై 1980లో కుర్గాన్‌కు పోయి బాగుపడి తిరిగి వచ్చినాడు. ఇటలీ వైద్యులు ఆశ్చర్యపడి మరుసటి యేడు ఇలిజారవ్‌ను తమ దేశమునకు పిలిపించి ప్రసంగము చేయించినారు. పశ్చిమ దేశములకు ఈ విద్య తెలిసినది అప్పుడే. వారందరు నడువలేక పోయినవారు, నడుచుటకై పోయినవారు. నేడు ఇస్తాంబుల్‌కు పోవువారిలో నడువగలిగినవారే, పరుగెత్తగలిగినవారే అనేకులు. ఈ భేదమును మేము చిన్నదిగా చూడలేము.

పరికరములు మారినవి నిజమే. ఎముక లోపలనే అమర్చి, బయట నుండి అయస్కాంతముతో పొడిగించు కడ్డీలు 2011 తరువాత వ్యాప్తిలోనికి వచ్చినవి. చీము బాధ తగ్గినది గాని కండరముల బాధ తగ్గలేదు. కాలిపై బరువు మోపి నడువవచ్చునని 2018లో వచ్చిన ఒక కడ్డీని, లోపల తుప్పు పట్టుచున్నదని 2021లో తయారు చేసినవారే వెనుకకు తీసికొన్నారు. చైనా ప్రభుత్వము కేవలము ఎత్తు కొరకు చేయు ఈ శస్త్రచికిత్సను 2006లోనే నిషేధించినది. మన హైదరాబాదులోనే 2016లో ఒక యువకుడు తల్లిదండ్రులకు చెప్పకుండ ఈ చికిత్స చేయించుకొనగా, వారు వెదకుచు వెదకుచు ఆసుపత్రిలో కుమారుని రెండు కాళ్లకు కట్లతో చూడవలసి వచ్చినది. వైద్య మండలి వరకు పోయిన వ్యవహారమది.

విదేశములో మరియొక చిక్కు గలదు. శస్త్రచికిత్స ముగిసిన కొన్ని వారములకే చాలమంది స్వదేశమునకు తిరిగి వత్తురు. ఎముక సాగుట సగములో నుండును, లేక సాగిన ఎముక పచ్చిగా నుండును. అర్ధరాత్రి కాలు వాచినచో కత్తి పట్టిన వైద్యుడు సముద్రముల కావల నుండును. ఇచ్చటి వైద్యుడు మరియొకరు ఆరంభించిన పనిపై చేయి వేయుటకు జంకును. పొట్లములో వచ్చిన రశీదు తప్ప ఆ సమయమున చేతిలో ఏమియు నుండదు.

మా విద్యార్థి లెక్కలో మరియొక పొరబాటు గలదు. ఎత్తు కొలుచు మైదానములోనే పరుగు కూడ ఉన్నది. తెలంగాణ పోలీసు నియామకములకు 2022లో వెలువడిన ప్రకటన ప్రకారము పురుషులు 1600 మీటర్లను 7 నిమిషముల 15 సెకండ్లలో పరుగెత్తవలెను, పొడవు దూకవలెను, ఇనుప గుండు విసరవలెను. పొడిగించిన కాళ్లతో పూర్వపు వేగము తిరిగి వచ్చునని ఏ వైద్యుడును హామీ ఈయలేడు. వైద్య పరీక్షలో ఆ మచ్చలును దాగవు.

ఈ సంగతులన్నియు అతనికి చెప్పినాము. తల వంచుకొని విన్నాడు. 1600 మీటర్లు నీవు ఎంతసేపటిలో పరుగెత్తుదువని అడిగినాము. “ఐదు నిమిషాల యాభై సెకండ్లు, సార్” అన్నాడు. అటువంటి కాళ్లను కోయించుకొనుటకా నీ అన్న ఎడారిలో కష్టపడుచున్నాడని అడుగబోయి ఊరకున్నాము. తప్పు అతనిది మాత్రమే కాదు. పరుగులో ఒక నిమిషమునకు పైగా మిగుల్చుకొన్నవానిని రెండున్నర సెంటీమీటర్ల కొరకు గేటు వద్దనే ఆపు నిబంధనను గూర్చి పెద్దలు ఆలోచింపవలసి యున్నది.

ఈ మార్చిలో అతడు మరల కనిపించినాడు. గ్రంథాలయములో గ్రూపు-4 పరీక్ష పుస్తకములు తీసికొనుచుండెను. పాస్‌పోర్టు సంగతి అడిగితిమి. వచ్చినదని, అమ్మీ దానిని పెట్టెలో పెట్టి తాళము వేసినదని చెప్పినాడు.