విహారనౌకలో రాత్రిభోజనపు దుస్తులు

2022వ సంవత్సరమున 'ఎంప్రెస్' అను విహారనౌక విశాఖపట్టణపు రేవునకు వచ్చి యాత్రికులను పుదుచ్చేరికి, చెన్నపట్టణమునకు గొనిపోయెను. నాటినుండి మన బెజవాడ విద్యార్థుల తండ్రులు కొందఱు మమ్మడుగు ప్రశ్న యొకటి: ఓడలో భోజనమునకు కోటు తప్పదా?

అన్ని యోడలలో తప్పనిసరి కాదు. క్యూనార్డువారి 'క్వీన్ మేరీ 2' వంటి నౌకలలో మాత్రము యాత్ర నడుమ కొన్ని ఉత్సవరాత్రులు కలవు. ఆ రాత్రులందు పురుషులు నల్లకోటును, మెడకు టైను, స్త్రీలు నిడుపాటి గౌనును ధరింతురు. ఓడయెక్కిన మొదటి రాత్రి సాధారణముగా ఈ నియమము విధింపరు. పెట్టెలింకను విప్పియుండరు గదా! అట్లు ధరింపనివారిని పస్తుంచరు; వారికి వేఱొక భోజనశాల యుండును.

అయితే దేశీయమైన ఉత్సవవేషమును సమ్మతమేయని ఆ నియమములోనే యున్నది. కావున మంగళగిరి జరీయంచు పంచె, కండువా, స్త్రీలకు పట్టుచీర చాలునని మా యభిప్రాయము. మా మిత్రులొకరు ఈ సంగతి తెలియక అప్పుచేసి కోటు కుట్టించుకొనిరి. అది నేటికిని పెట్టెలోనే యున్నది.