సిగ్నల్ వస్తే లాభం వచ్చినట్టేనా?

దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, కొత్తపేటల్లో గ్రూప్స్, బ్యాంక్ కోచింగ్ బోర్డుల మధ్య ఇప్పుడు స్టాక్ మార్కెట్ క్లాసుల బోర్డులూ కనిపిస్తున్నాయి. ఎల్బీ నగర్‌లో మెట్రో ఎక్కి ఫోన్‌లో చార్టులు చూసుకునే ఉద్యోగులకు కొత్తగా పుట్టిన ఆశ, కంప్యూటర్ ప్రోగ్రామే షేర్లు కొని అమ్మే ఆల్గో ట్రేడింగ్. ‘మనం డ్యూటీలో ఉన్నా అదే కొంటుంది, అదే అమ్ముతుంది’ అన్నది నిజమే. దాని చుట్టూ అల్లుకున్న మిగతా మాటల సంగతే చూడాలి.

అపోహ 1: ధర ఎటు వెళ్తుందో కంప్యూటర్‌కు ముందే తెలుస్తుంది.

వాస్తవం: దానికి తెలిసింది మనం ఇచ్చిన రూలే. 9 రోజుల సగటు ధర 21 రోజుల సగటును దాటితే కొనమంటే కొంటుంది, అంతే. 2009 జనవరి 7న లెక్కల్లో మోసాన్ని ఒప్పుకుంటూ సత్యం కంప్యూటర్స్ చైర్మన్ రామలింగరాజు రాసిన లేఖ బయటపడగానే ఆ కంపెనీ షేరు ఒక్కరోజులో సుమారు 78 శాతం కూలింది. ఆ లేఖలో ఏముందో ముందే చెప్పే రూలు ఏదీ లేదు.

అపోహ 2: పాత ధరల మీద రూలును నడిపి చూసే బ్యాక్‌టెస్ట్‌లో లాభం చూపిస్తే ఢోకా లేదు.

వాస్తవం: జవాబులు చూసి రాసిన పాత పేపర్లో నూటికి నూరు రావడం గొప్ప కాదు. 9, 21 బదులు వందల జతలు మార్చి చూస్తే ఏదో ఒకటి పాత ధరలకు అతికినట్టు సరిపోతుంది. అందుకే కొంత కాలపు డేటాను ముట్టుకోకుండా పక్కన పెట్టి, రూలు ఖరారయ్యాకే దానిమీద నడిపి చూడాలి. ఇంకో మెలిక ఉంది. ఇవాళ్టి నిఫ్టీ జాబితాతో 2008ని పరీక్షిస్తే, అప్పుడు నిఫ్టీలో ఉన్న సత్యం లెక్కలోకే రాదు. మునిగినవి తీసేస్తే మిగిలేవి లాభాలే.

అపోహ 3: రోజుకు పదిసార్లు కొద్దికొద్దిగా లాభం తీసుకున్నా చాలు.

వాస్తవం: లక్ష రూపాయల షేర్లు కొని అదే రోజు అమ్మారనుకుందాం. ఆర్డర్‌కు రూ.20 చొప్పున బ్రోకరేజీ 40, అమ్మకంపై లావాదేవీ పన్ను (ఎస్‌టీటీ) 25, ఎక్స్ఛేంజ్ చార్జీలు, జీఎస్టీ, స్టాంపు డ్యూటీ కలిపి దాదాపు రూ.80 పోతాయి. రోజుకు పది ట్రేడ్లయితే రూ.800, ఇరవై రోజులకు రూ.16,000. లక్ష పెట్టుబడి మీద నెలకు 16 శాతం వస్తేనే అసలు నిలుస్తుంది.

అపోహ 4: పెద్ద సంస్థలు ఆల్గోతోనే సంపాదిస్తున్నాయి, మనకెందుకు రాదు?

వాస్తవం: 2024 సెప్టెంబరులో మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ ఫ్యూచర్స్ అండ్ ఆప్షన్స్ (ఎఫ్ అండ్ ఓ) లెక్కలు బయటపెట్టింది. 2023-24లో విదేశీ సంస్థల లాభాల్లో 97 శాతం ఆల్గోల నుంచే వచ్చింది. 2021-22 నుంచి మూడేళ్లలో వ్యక్తిగత ట్రేడర్లలో 93 శాతం మంది నష్టపోయారు. మొత్తం నష్టం రూ.1.8 లక్షల కోట్లు దాటింది. ఎక్స్ఛేంజ్ ప్రాంగణంలోనే సర్వర్లు పెట్టుకున్నవాళ్లతో మన ఫోన్ వేగంలో పోటీపడలేదు.

అపోహ 5: నంబరు వచ్చిన ఆల్గో అంటే సెబీ హామీ ఉన్నట్టే.

వాస్తవం: 2025 ఫిబ్రవరిలో సెబీ తెచ్చిన నిబంధనల ప్రకారం ఎక్స్ఛేంజ్ ఇచ్చే ఆల్గో నంబరు ఆర్డర్లు ఎక్కడినుంచి వచ్చాయో పట్టుకోవడానికే. రూలు బయటపెట్టని ఆల్గోలు ఇచ్చేవాళ్లు రీసెర్చ్ ఎనలిస్టుగా నమోదు కావాలి. ఆ నమోదు నంబరు ఐఎన్‌హెచ్‌తో మొదలవుతుంది, సెబీ వెబ్‌సైట్‌లో సరిచూసుకోవచ్చు. టెలిగ్రామ్‌లో ఎవరైనా ‘నెలకు ఇంత గ్యారంటీ’ అంటే అక్కడికి డబ్బు పంపొద్దు. పంపి మోసపోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. కోర్సు ఫీజు కట్టేముందు మాత్రం ఒక్కటి అడగండి: చార్జీలు పోగా, ముట్టుకోని డేటా మీద ఎంత మిగిలింది?